అమ్మ వేసిన ముద్ర

గొప్పలు చెప్పుకోవడం మా ఇంట్లో తప్పు కాదు, కాబట్టి చెబుతున్నాను. తమిళనాట తిరువొత్తియూరులో మా మేడమీది వాటాలో ఒక చైనా చిత్రకారిణి అద్దెకుంటోంది. మొదట్లో మా అమ్మకు ఆమె మీద జాలి. "పాపం, ఊరు కాని ఊరొచ్చి ఇంత కాగితం మీద నాలుగు నల్లగీతలు గీసుకుంటా ఉంది," అనేది. ఆ గీతలు ఫ్యాక్టరీ పొగగొట్టాలనీ, మిగిలిన తెలుపంతా మన సముద్రమనీ నేను చెబితే, "నీకు శానా తెలుసు పో," అని నా నోరు మూయించేది. అయినా సాయంత్రమైతే కాఫీ పట్టుకుని మేడెక్కి, ఆమె రాతిమీద సిరాకడ్డీ నూరుతుంటే చూస్తూ కూర్చునేది.

పోయిన ఆయుధ పూజనాడు అమ్మ గ్రైండరుకు, కుట్టుమిషనుకు, నా స్కూటీకి బొట్లు పెట్టి, పళ్లెంతో మేడెక్కింది. వెనకాలే నేను. చిత్రకారిణి కుంచెలు, సిరారాయి వరసగా పెట్టి చేతులు జోడించింది. అన్నిటికీ బొట్లయ్యాయి. అక్కడితో ఊరుకుంటే మా అమ్మ ఎందుకవుతుంది? గోడమీద ఆరుతున్న పెద్ద బొమ్మ దగ్గరికెళ్లి, పైన తెల్లగా వదిలిన చోట తడిగంధం, దానిమీద కుంకుమ అద్దేసింది. పల్చటి కాగితం, ఇట్టే పీల్చేసుకుంది.

ఆమె ఎండాకాలం నుంచీ కష్టపడిన బొమ్మ అది. మర్నాడే ప్రదర్శనకు పోవాలి.

"ఏందిమా ఇట్ల చేసినావు?" అన్నాను.

అమ్మ ముఖం మాడిపోయింది. "కుంచెకు పెట్టి, అది చేసిన పనికి పెట్టకపోతే ఎట్ల?" అంది గొంతు తగ్గించి.

చిత్రకారిణి దగ్గరికొచ్చి ఆ ఎర్రచుక్కను చూసింది. తర్వాత తన పేరు చెక్కిన రాతిముద్రను ఎర్రరంగులో అద్ది, సరిగ్గా బొట్టు కింద వేసింది.

"మా దేశంలో బొమ్మను దగ్గరుంచుకుని ప్రేమగా చూసుకున్నవాళ్లు కూడా దానిమీద తమ ముద్ర వేస్తారు. అమ్మ వేసింది," అంది వచ్చీరాని తమిళంలో.

ప్రదర్శనలో ఒక తెలుగు పెద్దాయనకు ఆ బొమ్మ తెగ నచ్చింది. పైనున్న మరక తీయించి ఇస్తే కొంటానన్నాడు. చిత్రకారిణి అది మరక కాదని చెప్పి, జనం వెనకాల పట్టుచీరలో ఒదిగి నిలబడ్డ మా అమ్మను చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చింది.

"ఇది ఈమె ముద్ర. తీయాలంటే ఈమెనే అడగండి," అంది.

అమ్మ తొణకలేదు. కొంగు సర్దుకుని ఆయన వైపు తిరిగింది.

"తీసేదానికి లేదు సామీ. ఇంటికి తీసకపోయి బాగా చూసుకోండి. వచ్చే పూజకు దాని పక్కన మీరూ ఒకటి పెడుదురుగాని."