ఉప్పునీళ్లలో ఏడు బోల్టులు

మా తాత ఉద్యోగమంతా బోల్టులు ఎప్పుడు విరుగుతాయా అని ఎదురుచూడటమే. క్రేన్లకు వాడే గట్టి ఉక్కు బోల్టులను చట్రానికి బిగించి, ఉప్పునీళ్ల తొట్టిలో ముంచి, రెండు వందల గంటలు కాపలా కాసేవాడు. తుప్పు పట్టేటప్పుడు పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుందట. పైకి నిక్షేపంలా ఉన్న బోల్టు ఒకరోజు సుద్దముక్కలా విరుగుతుందట. ఉక్కు ఎంత గట్టిదైతే ఈ జబ్బు అంత ఎక్కువట. నా చదువు ఎనిమిదితోనే ఆగింది గానీ, ఇది మాత్రం రోజూ అన్నంలో కలుపుకుని తిన్నాను.

తాతకు ఇంకో జబ్బుండేది: నానమ్మ తమ్ముడు. అతను తాత పనిచేసే ల్యాబులోనే చేరి, బోల్టును మెల్లగా లాగి ఒక్కపూటలో సంగతి తేల్చే మెషిన్ తెప్పించాడు. మేనేజరు దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. తొట్టి పక్కన ఎవరూ నిలబడలేదు. ఇక ఆ వారమంతా తాతకు కూరలో ఉప్పు కుదరలేదు.

"మా తమ్ముణ్ణి కూరలో వెతక్కండి," అంది నానమ్మ.

అప్పుడే ఓ క్రేనుకు బోల్టులొచ్చాయి. మెషిన్ పొడిగానే లాగి చూసి బాగున్నాయంది. తాత మాత్రం బాగోలేవన్నాడు. కారణం అడిగితే చెప్పలేదు. కడుపుమంటను కాగితం మీద ఎలా రాస్తాడు? ఏడు బోల్టులు తొట్టిలో ముంచాడు. నూట అరవై గంటలైనా ఒక్కటీ విరగలేదు. అప్పుడు మా పెద్దమనిషి స్పానర్ తీసి, ఎవరూ చూడకుండా ఒకదాన్ని పావుచుట్టు ఎక్కువ బిగించాడు. టప్పున విరిగింది.

ఆ చప్పుడుకు బావమరిది పరిగెత్తుకొచ్చాడు. ముఖంలో నెత్తుటిచుక్క లేదు. "నువ్వు చెప్పిందే నిజం బావా. ఆ క్రేను కింద మనుషులు తిరుగుతారు."

ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాటే. తీరా విన్నాక తాతకు మింగుడుపడలేదు.

"అది విరగలేదురా. నేనే విరిచాను. లెక్కలోంచి తీసెయ్."

బావమరిది కుర్చీ తెచ్చుకుని తొట్టి పక్కనే కూర్చున్నాడు. నూట ఎనభై ఎనిమిదో గంటకు ఇంకో బోల్టు దానంతటదే విరిగింది.

"ఇదీ నీ చేతి చలవేనా?"

తాత చేతిలో ఉన్న టీ గ్లాసు చూపించాడు.

బావమరిది వెంటనే తన మెషిన్‌లో ఇంకో బోల్టు పెట్టి, దాని చుట్టూ ఉప్పునీళ్లు పోసి లాగాడు. సగం బరువుకే విరిగింది. బోల్టులన్నీ వెనక్కి పోయాయి. ఇకమీదట మెషిన్‌లోనూ ఉప్పునీళ్లు పోయాలని కొత్త పద్ధతి రాశారు. దాని కింద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, బావమరిదిది ముందు.

ఆ కాగితం తాత ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. మొదటి పేరు మీంచి మాత్రం బొటనవేలు తీయడు.