పీతబండి గేర్‌బాక్సూ మా ఆవిడ గోళ్ళరంగూ

ముందే చెబుతున్నాను, ఇది ఒక బండికి గేర్‌బాక్సు దించిన కథ. దించింది మెకానిక్కే గానీ దిగజారింది మాత్రం నేను. మాచర్లలో మస్తాన్ షెడ్డు పక్క టీ కొట్టు దగ్గర నా పేరు ఎత్తి చూడండి. అక్కడున్న వాళ్ళలో ఒకరైనా తన చొక్కా జేబు మీద వేలితో చుక్క పెట్టి చూపించి నవ్వుతారు. ఆ చుక్క సంగతి చివర్లో ఉంది. ఇప్పుడే చివరి పేరాకి దూకేద్దామని మీలో కొందరు చూస్తుంటారని నా అనుమానం.

అనుమానం మా ఇంట్లో పొలంతో పాటు సంక్రమించింది. మా నాన్న పెట్రోలు బంకులో మీటరు సున్నా చూసి, మళ్ళీ వంగి పైపు చూసి, ఆ తర్వాత పోసేవాడి ముఖం చూసేవాడు. నేను ఆయన్ని మించిపోయాను. డాక్టరు నాడి పట్టుకుని వదిలితే చేతికి వాచీ ఉందో లేదో చూసుకునేవాణ్ణి. దీన్ని నేను తెలివి అనుకునేవాణ్ణి. మా ఆవిడ పద్మ దీనికి వేరే పేరు పెట్టింది గానీ అది ఇక్కడ రాయను.

ఇక బండి. మా మిరపచేను వాగుకి అవతల, కొండ మొదట్లో ఉంది. దారంతా రాళ్ళు, వానొస్తే బంకమట్టి. మోటారుసైకిలు జారుతుంది, ట్రాక్టరు ఊగుతుంది. హైదరాబాదు పక్కన ఒక రిసార్టు మూతపడి సామాను అమ్మేస్తుంటే ఈ బండి కనపడింది. ఇద్దరు పక్కపక్కన కూర్చునే నాలుగు చక్రాల బండి. తలుపులుండవు, పైన ఇనప కమ్మీల చట్రం, కింద లావుపాటి టైర్లు, వెనక చిన్న తొట్టి. రాయీ గట్టూ బురదా ఏదీ లెక్కచెయ్యకుండా పోతుంది. ఊళ్ళోకి తీసుకొచ్చిన రోజే జనం దానికి పీతబండి అని పేరు పెట్టేశారు.

కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత గేరు వేసినప్పుడల్లా లోపల పళ్ళు నూరడం మొదలుపెట్టింది. ఒకరోజు వాగు మధ్యలో ముందుకీ పోక, వెనక్కీ రాక ఆగిపోయింది. ట్రాక్టరు కట్టి మస్తాన్ షెడ్డుకి లాక్కుపోయాను.

మస్తాన్‌వలి, నేను ఆరో తరగతి నుంచీ ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఇద్దరం ఒకరినొకరం మావా అనుకుంటాం. సాగర్ రోడ్డులో ఉన్న ఆ షెడ్డు వాళ్ళ నాన్న కాసిం బాబాయి పెట్టింది. విప్పడం, బిగించడం మస్తాన్ పని. విప్పిన సామానులో ఏది పనికొస్తుందో, ఏది రాదో చూసి తేల్చడం బాబాయి పని. పనికిరాని దాని మీద ఆయన ఎర్రరంగు చుక్క పెడతాడు. చుక్క ఉన్నది పక్కకి పోతుంది, లేనిది మళ్ళీ బండిలోకి పోతుంది. ఈ చుక్క సంగతి నాకు అప్పటికి తెలియదు. మీకిప్పుడు తెలిసింది కాబట్టి మీరు నాకంటే ముందున్నారు, కాస్త ఓర్చుకోండి.

ఆ రోజుల్లో తండ్రీకొడుకులకు మాటల్లేవు. మస్తాన్ షెడ్డుకి కొత్త బోర్డు రాయించాడు. అందులో తన పేరు పెద్దక్షరాలతో వచ్చింది, తండ్రి పేరు చిన్నక్షరాలతో కూడా రాలేదు. అప్పటినుంచి ఇద్దరూ ఒకే షెడ్డులో చెరో మూలా పని చేసుకుంటున్నారు. మధ్యలో ఆ ఎర్రచుక్కే రాయబారి.

"గేర్‌బాక్సు దించాల్సిందే మావా" అన్నాడు మస్తాన్.

నాకు చెవుల్లో గంట మోగింది. ఇంత అరుదైన బండి, లోపల అంతా కంపెనీ సామాను. దించినవాడు ఊరుకుంటాడా? మంచివి తీసుకుని నాసిరకానివి పెడితే మనకేం తెలుస్తుంది? మెకానిక్కులంతా అంతేనని నాకెవరో చెప్పారు. ఎవరు చెప్పారని అడిగితే, నేనే.

మర్నాడు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి షెడ్డు మధ్యలో వేయించుకుని కూర్చుని ఫోనులో వీడియో మొదలుపెట్టాను. ముందు సీట్లు ఊడదీశాడు, తర్వాత వెనక తొట్టి, తర్వాత సైలెన్సరు. గేర్‌బాక్సు కింద పళ్ళెం పెట్టి నూనె దించాడు. ఆ నూనె ఎక్కడికి పోతుందో చూశాను. పక్కన మూత విప్పి నల్లటి బెల్టు లాగితే దాన్ని చేత్తో పట్టుకుని వాసన చూశాను. ఎందుకు చూశానో నాకూ తెలియదు, మస్తాన్‌కీ తెలియలేదు. బెల్టు తిరిగే పుల్లీలు వచ్చాయి. చక్రాలకు పోయే కడ్డీలు రెండు పక్కలా గట్టిగా గుంజితే టక్కుమని ఊడివచ్చాయి. గేరు తీగ తప్పించాడు, వైర్లు ఊడదీశాడు. ఇంజనుకి పట్టి ఉంచిన బోల్టులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేస్తున్నాడు.

"ఒక బోల్టు తక్కువుంది" అన్నాను.

"యాడికి పోద్ది మావా, ఈడనే ఉంటది."

"ఈడనే ఉంటే కనపడాలి గదా."

మస్తాన్ నా మొహం కేసి చూశాడు. తర్వాత నా కాళ్ళ కేసి చూసి, చెప్పు ఎత్తమన్నాడు. బోల్టు నా చెప్పు కిందే ఉంది. తెలివైనవాడికి ఆ ఒక్కటీ చాలు. నేను మాత్రం, చెప్పు కిందికి తోసింది ఎవరా అని ఆలోచించాను. అప్పటికి ఫోను చార్జింగ్ అయిపోయింది.

పై దూలానికి గొలుసు కప్పీ వేసి గేర్‌బాక్సుని ఇంజను నుంచి మెల్లగా విడదీసి పైకెత్తాడు. అది గాల్లో వేలాడుతుంటే నా గుండె కూడా దానితో పాటు ఊగింది. కింద గోనెపట్టా మీద దించి, మర్నాడు శుక్రవారం పొద్దున్నే దాన్ని విప్పి గేర్లన్నీ వరసగా పేర్చాడు.

"బేరింగు పగిలింది మావా. గేర్లు బాగున్నట్టే ఉండయ్. నాయన ఒకసారి చూస్తే అయిపోద్ది" అన్నాడు.

మధ్యాహ్నం నమాజు వేళయింది. బాబాయి ముందు వెళ్ళాడు. మస్తాన్ చేతులు కడుక్కుని, షెడ్డు చూస్తా ఉండమని నాతో చెప్పి వెళ్ళాడు. తాళం వెయ్యలేదు. పనిముట్లూ, నాలుగు ఊళ్ళ వాళ్ళ బండ్లూ, గల్లా పెట్టె అన్నీ నా ఒక్కడి మీద వదిలేసి వెళ్ళాడు.

అంత నమ్మినవాడి షెడ్డులో కూర్చుని నేనేం చేశానో చెబుతాను. జేబులోంచి మా ఆవిడ గోళ్ళరంగు సీసా తీశాను. పొద్దున బయల్దేరేటప్పుడే అద్దం దగ్గర్నుంచి కొట్టేసి తెచ్చుకున్నాను. ఎర్రటి ఎరుపు. ఒక్కో గేరు తీసి, తుడిచి, శ్రద్ధగా ఒక్కో చుక్క పెట్టాను. నావి అని గుర్తన్నమాట. రేపు మార్చితే ఇట్టే పట్టేస్తాను. పెళ్ళికూతురికి బుగ్గచుక్క పెట్టినంత మురిపెంగా పెట్టి, ఉఫ్ అని ఊది ఆరబెట్టాను. వాళ్ళు తిరిగొచ్చేసరికి కుర్చీలో బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేను ఇంటికొచ్చి సీసా మళ్ళీ అద్దం దగ్గర పెట్టేశాను, మస్తాన్ బేరింగు కోసం నరసరావుపేట బస్సెక్కాడు. సాయంత్రం బాబాయి గేర్ల దగ్గరికి వచ్చి చూస్తే అన్నిటి మీదా చుక్కలున్నాయి. బోర్డు మీద నుంచి తన పేరు తీసేసిన కొడుకు ఇప్పుడు చుక్కలు పెట్టే పని కూడా లాక్కున్నాడనుకుని, నొచ్చుకుని, ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు మస్తాన్ వచ్చి చుక్కలు చూశాడు. నాయన పెట్టాడనుకున్నాడు. గేర్లు బాగానే కనపడుతున్నాయి గదా అని అడగాలంటే మాటల్లేవు. అందుకని నాకు ఫోను చేశాడు.

"మావా, నేను బాగున్నయ్ అనుకున్నా గానీ, గేర్లన్నీ పోయినయ్. మొత్తం మార్చాల్సిందే."

నిన్న బాగున్నవి రాత్రికి రాత్రి పోయాయట. నేను ఫోను పట్టుకుని మీసాల్లో నవ్వుకున్నాను. చేప గాలానికి తగిలిందనుకున్నాను. ఇప్పుడు కాదంటే జాగ్రత్తపడతాడు, మార్చనిచ్చి పట్టుకోవాలి.

"సరే మావా, నీ ఇష్టం. మార్చెయ్" అన్నాను, తేనె పూసిన గొంతుతో.

అక్కడితో ఆగానా? పద్మని పిలిచి హెచ్చరించాను. మస్తాన్ పాత సామాను అని ఎవరిదో తుక్కు తెచ్చి మనకి అంటగడతాడు, అది మనది కాదు, ఇంట్లో ఒక్క నిమిషం ఉంచొద్దు అని చెప్పాను. ఆవిడ పప్పు తిరగమోత పెడుతూ సరేనంది.

మస్తాన్ పాపం ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి, ఇలాంటిదే పాడుబడ్డ బండి ఒకటి హైదరాబాదులో ఉందని తెలుసుకుని, వెళ్ళి దాని గేర్లు తెచ్చి బిగించాడు. బండి తీసుకెళ్ళమని కబురొచ్చిన రోజు పొద్దున పద్మ ఉల్లిపాయలు దట్టించి దోసెలు వేసింది. ఈసారి ఉల్లి బాగుందే అని మెచ్చుకుని, నాలుగో దోసె కూడా తిని, యుద్ధానికి బయల్దేరాను.

షెడ్డు పక్కన టీ కొట్టు దగ్గర జనం బాగా ఉన్నారు. నాకు కావలసింది అదే.

"నా పాత గేర్లు ఏవి మస్తాన్?"

"నిన్ననే సంచిలో కట్టి మీ ఇంటికాడ ఇచ్చొచ్చినా గదా మావా. చెల్లెమ్మ చేతికే ఇచ్చినా."

"ఇంటికాడ ఇచ్చావా? మా ఇంట్లో ఏ సంచీ లేదు. నా సామాను నేను గుర్తుపట్టగలను. బాగున్న గేర్లు నొక్కేసి సామాను మార్చేశావు."

టీ కొట్టు జనమంతా మా వైపు తిరిగారు. మెకానిక్కుని మొరటు చేతివాడు అనొచ్చు, పని రానివాడు అనొచ్చు, అతను నవ్వి ఊరుకుంటాడు. సామాను మార్చాడన్న మాట ఒక్కసారి ఊళ్ళో పడితే మాత్రం మళ్ళీ ఆ షెడ్డుకి బండి రాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను. మస్తాన్ మొహం పాలిపోయింది. చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

లోపల్నుంచి బాబాయి వచ్చాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నా పీతబండి ఎక్కి కూర్చున్నాడు.

"ఇంటికి పోదాం పద. అమ్మాయినే అడుగుదాం" అన్నాడు నాతో.

బండికి రెండే సీట్లు. ఒకదాంట్లో బాబాయి, ఒకదాంట్లో మస్తాన్. నేను నా బండిలోనే వెనక తొట్టిలో ఎరువుల బస్తాలా కూర్చుని ఊరేగాను. వెనకాల టీ కొట్టు జనం మోటారుసైకిళ్ళ మీద వచ్చారు. అన్నట్టు, బండి చాలా మెత్తగా నడిచింది. అది కూడా నాకు అనుమానంగానే అనిపించింది.

పద్మ వాకిట్లోనే ఉంది. మస్తాన్ నిన్న సంచి ఇచ్చాడా అని నేను నిలదీశాను.

"ఇచ్చాడు" అంది.

"ఏదది?"

"తుక్కు ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉంచొద్దని మీరే గదా చెప్పింది. అన్న అట్టా వెళ్ళాడో లేదో, పాత ఇనప సామాన్లకి ఉల్లిపాయలు అని బండి వచ్చింది. ఇచ్చేశా." ఒక్క క్షణం ఆగి అంది, "పొద్దున బాగున్నయ్ అని తిన్నారు గదా, ఆ ఉల్లిపాయలే."

నాలుగు దోసెలూ కడుపులో ఒక్కసారిగా గేరు మార్చాయి. ఎలాగైనా తప్పు మస్తాన్ మీదే ఉంచాలని, అవి నావేనని నమ్మకం ఏమిటి అన్నాను. ఆ మాట అనకుండా ఉంటే బతికిపోయేవాణ్ణి.

"మీవి కాకపోతే, ఆ సంచిలో ప్రతి పళ్ళచక్రం మీదా నా గోళ్ళరంగు ఎందుకుందో చెప్పండి. కొత్త సీసా. ఎవరు ఖాళీ చేశారా అని వారం నుంచి బుర్ర బద్దలుకొట్టుకుంటున్నా."

మస్తాన్ మెల్లగా వాళ్ళ నాన్న వైపు తిరిగాడు.

"ఆ చుక్కలు నువ్వు పెట్టలేదా నాయనా?"

"నేను పెట్టలేదురా. నువ్వు పెట్టావనుకున్నా."

బోర్డు గొడవ తర్వాత ఆ తండ్రీకొడుకులు మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవే. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. అప్పుడు వాళ్ళకి నా జాతకం గురించి మాట్లాడుకోవలసింది చాలా ఉంది, మాట్లాడుకున్నారు కూడా. అందులో రాయదగినవి లేవు. అంతా అయ్యాక మస్తాన్ చిన్నగా ఒక మాటన్నాడు.

"షెడ్డు నీ మీద వదిలి నమాజుకి పోయినా మావా."

ఇన్నేళ్ళలో నన్నెవరూ అంత గట్టిగా కొట్టలేదు. తల ఎత్తలేకపోయాను.

కాసిం బాబాయి పద్మని అడిగి ఆ గోళ్ళరంగు సీసా తెప్పించుకున్నాడు. అడుగున మిగిలిన రంగుని కుంచెతో గీకి, నా దగ్గరికి వచ్చి, తెల్లచొక్కా జేబు మీద గుండ్రంగా ఒక చుక్క పెట్టాడు.

"దీన్ని పక్కన పెట్టరా మస్తాన్. లోపలికి పనికిరాదు" అన్నాడు.

ముందు నవ్వింది మస్తానే. తర్వాత వాకిలంతా నవ్వింది. నేను ఆ చొక్కాతోనే టీ కొట్టుకి తిరిగి వెళ్ళి, మస్తాన్ మోసం చెయ్యలేదు, బాగున్న గేర్లు మార్పించింది నేనేనని, విననివాళ్ళకి రెండోసారి కూడా చెప్పాను. షెడ్డు బోర్డు మీద ఇప్పుడు రెండు పేర్లున్నాయి. బాబాయి పేరు ముందుంది.

కనుక పాఠకులారా, మాచర్ల నడిబొడ్డున నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఒకరి షెడ్డులో చుక్క పెట్టను, పెట్టించను, పెట్టేవాడి పక్కన కూర్చోను. మా ఆవిడ అద్దం దగ్గరికి ఆవిడ అనుమతి లేనిదే వెళ్ళను. ఉల్లిపాయ దోసె తినేముందు ఆ ఉల్లి ఎక్కడి నుంచి వచ్చిందో అడగను, ఎందుకంటే జవాబు నాకు తెలుసు.

మస్తాన్ శుక్రవారం నమాజుకి వెళ్తూ ఇప్పటికీ షెడ్డు నాకే అప్పగిస్తాడు, తాళం వెయ్యడు. ఎర్రరంగు డబ్బా మాత్రం తనతో పట్టుకుపోతాడు.