ఎర్రనల్లి గది పెద్దమ్మ

“ఇవి బిడ్డ చెవిలో దూరితే నేనేం చెయ్యను?”

బాల్కనీలో ఒక చేత్తో ఉయ్యాల పట్టుకుని, రెండో చేత్తో పురుగుమందు డబ్బా ఎత్తి ఆ తల్లి అన్న మాట ఇది. గులాబీ ఆకుల మీద నువ్వుగింజంత ముళ్లపురుగులు నల్లగా పాకుతున్నాయి. ఆమె చదివింది జీవశాస్త్రమే. మూడు నెలల కిందట కొడుకు పుట్టాక ఆ చదువంతా భయపడడానికే పనికొస్తోంది. భర్త పనికి వెళ్తే సాయంత్రం దాకా పలకరించే దిక్కులేదు. ఇప్పుడీ మాట విన్నది కూడా తెరిచి ఉన్న వీధి గుమ్మం బయట నిలబడ్డ పై అంతస్తు పెద్దమ్మ ఒక్కతే.

పెద్దమ్మ పని పురుగులు పెంచే షెడ్డులో. ఆకుల రసం పీల్చే ఎర్రనల్లిని తినేసే మరో రకం నల్లిని అక్కడ పెంచి తోటలవాళ్లకు అమ్ముతారు. వాటికి మేత కావాలి కదా. ఆ మేతను, అంటే ఎర్రనల్లిని, చిక్కుడు మొక్కల మీద పెంచడం పెద్దమ్మ వంతు. ఇరవై రెండేళ్లుగా అదే గది. నల్లి నిండిన ఆకులు కోసి గోడలోని చిన్న కిటికీలో పెడితే అవతలివాళ్లు అందుకుంటారు. అల్లుళ్లు ఆకలి మీదున్నారు, వడ్డన ఎంతసేపు వదినా, అని వాళ్ల వేళాకోళం. అల్లుళ్లంటే ఆ తినే నల్లులు; వాటి మొహం మాత్రం ఆవిడ ఏనాడూ చూడలేదు. తినే పురుగు ఒక్కటి బట్టలకంటుకుని ఈ గదిలోకొస్తే పదిహేను రోజుల్లో మేతంతా ఊడ్చిపెట్టేస్తుంది. అందుకే అవతలివాళ్లు ఆవిడ దరిదాపులకు రారు. మధ్యాహ్నం బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఒక్కతే తింటుంది.

రోజూ వచ్చి, గుమ్మం దగ్గరే ఆగి, నా బంగారం లేచాడా అని అడిగి వెళ్లిపోయేది. తల్లి గట్టిగా రమ్మన్నదీ లేదు. నల్లులు పెంచే చేతులు, ఎందుకొచ్చిన గొడవ అనుకుంది. అవి మనిషి జోలికి రావని చదువుకున్న మనిషే.

డబ్బా మూత ఊడిన చప్పుడుకు పెద్దమ్మ చెప్పులు వదిలి లోపలికొచ్చేసింది.

“ఆగమ్మాయ్. ఆకు తిప్పి చూశావా?”

చూడలేదు. కాలేజీ నాటి భూతద్దం వెతికి తెచ్చింది. ఆకు అడుగున సన్నటి బూజులో ఎర్రటి చుక్కలు కదులుతున్నాయి. ముళ్లపురుగు, అంటే అక్షింతల పురుగు పిల్ల, ఒక్కో చుక్కనూ దొరకబుచ్చుకుని జుర్రుతోంది.

పెద్దమ్మ భూతద్దం అందుకుంది, తిరిగివ్వలేదు. ఆకు మీంచి కన్ను తీయకుండానే అంది: “ఇలా తింటారన్నమాట. ఇన్నేళ్లు పెట్టాను. తింటుంటే చూడ్డం ఇదే.”

ఇన్నాళ్లూ లోపలికెందుకు రాలేదని తల్లి అప్పుడడిగింది.

“మీ ఇంట్లో మొక్కలున్నాయిగా. ఇలాంటిదొకటి నా కొంగుకంటిందంటే గది ఖాళీ. మొక్కలున్న ఏ ఇంటికీ పోను.”

తల్లి తలొంచుకుని డబ్బాకు మూత పెట్టింది.

ఇక పెద్దమ్మ బట్టలన్నీ ఉడకబెట్టుకోవాలి, రేపు పనికి సెలవు పెట్టాలి. ఎలాగూ వచ్చింది కనుక బిడ్డను ఎత్తుకుంది. ఎత్తుకోవడం మరిచిపోయినదానిలా మోచేతులు బిగించి, కదలకుండా నిలబడింది.

మూడోనాటి నుంచి మళ్లీ గుమ్మం దగ్గరే. బిడ్డకు చెమటకాయలు లేచినా, కుండీలో ఏదైనా పాకినా తల్లి ఇప్పటికీ హడలిపోతుంది. కుండీ దగ్గర మాత్రం డబ్బా అందుకోబోయి ఆగి, ఆ రోజు వెళ్తూ వెళ్తూ పెద్దమ్మ చెప్పినట్టే చేస్తోంది: “మందు కొట్టేముందు ఆకు తిప్పి చూడు తల్లీ. తినేవాళ్లు అప్పటికే వచ్చారేమో.”