గాజు స్లైడు మీద ఆడచేప

దోనా ఇరసీ చేతులకు ముప్పై ఒక్క ఏళ్లుగా చేపల వాసన వదల్లేదు. చెరకు తోటల మధ్య ఊళ్లో ఒక విశ్వవిద్యాలయం, దాని నేలమాళిగలో ఆమె గది. చేపకు మందు సూది వేసి, గంట ఆగి, కోసి, దాని కణాలు కలిపిన నీటిని మూరెడు ఎత్తు నుంచి గాజు స్లైడు మీద చుక్కగా వదలడం ఆమె పని. ముందు స్లైడు మీద ఊదాలి. కాఫీ తాగిన నోటితో ఊదితేనే క్రోమోజోములు చక్కగా విచ్చుకుంటాయని ఆమె నమ్మకం. అది విని నవ్విన పరిశోధక డాక్టర్లంతా తర్వాత చాటుగా కాఫీ తాగి ఊదినవాళ్లే.

అక్కడ వెతికేది శాటిలైట్ డీఎన్ఏ. కణం లోపలి రాతలో ఒకే చిన్న మాట వేలసార్లు వరసగా రాసి ఉంటుంది. పనికిరానిదంటారు కొందరు. “అత్తగారి సణుగుడూ పనికిరాదు, కానీ ఏ ఇంటిది ఆ ఇంటిదే” అనేది ఇరసీ. వాగు మారితే చేపల్లో ఆ మాటా మారుతుంది. పిరాజుబా వాగు ఆడచేపల్లో మాత్రమే అది ఒక క్రోమోజోము నిండా పేరుకుపోయి, రంగు వేస్తే నిప్పురవ్వలా మెరిసేది.

చెరకు పంపులు ఆ వాగును పీల్చేశాయి. మిగిలినవి మూడు చేపపిల్లలు, ఆమె గదిలోని తొట్టిలో. ఆడో మగో తెలిసే వయసు రాలేదు. ఒక జంట కుదిరితే ఆ వంశం నిలుస్తుంది.

ఆ దేశంలో జూలై అంటే చలికాలం; ఆ చలిలో ఒక పొద్దున చిన్నది అడుగున పక్కకు ఒరిగింది. జబ్బుచేపను ఊరికే చావనివ్వకూడదన్నది ఆ గది ఆచారం. ఆమె చెయ్యి అలవాటుగా సూది అందుకుంది.

ఒకప్పటి శిష్యుడు డాక్టర్ లాజరో వచ్చేసరికి స్లైడు తయారు.

“ఎంత పని చేశారు దోనా ఇరసీ!”

“చస్తుంటే చూస్తూ కూర్చోమంటావా? చచ్చిన చేప స్లైడు ఇవ్వదని నీకు నేర్పింది నేనే కదా!”

“సరే, చూడండి. వీటిలో ఆడవే అరుదు, మగదైతే గండం గడిచినట్టే.”

ఆమె సూక్ష్మదర్శినిలోకి వంగింది. నిప్పురవ్వ మెరుస్తోంది.

“ఇంత మంచి స్లైడు నా జన్మలో చేయలేదు బాబూ,” అని ఏడ్చింది.

ఆ పొద్దున మిగతా రెండూ కూడా అడుగునే పడుకుని ఉన్నాయి. ఎండెక్కాక లేచి తిరిగాయి. జబ్బు కాదు, చలి. గంట ఆగితే చిన్నదీ లేచేదేమో.

“ఇంకా రెండున్నాయిగా, ఒకటైనా ఆడది కాకపోదు,” అన్నాడు లాజరో.

ఈ జాతిలో ఎదిగిన మగచేపకు కింది రెక్క మీద సన్నటి ముళ్లు వస్తాయి, వలగుడ్డకు తగులుకుంటాయి. నవంబరులో నీళ్లు మారుస్తూ ఆమె మొదటి చేపను వలలో ఎత్తింది. తగులుకుంది. మెల్లగా విడిపించి, మేరీమాతను తలుచుకుని రెండోదాన్ని ఎత్తింది.

అదీ తగులుకుంది. ముల్లు విరగకుండా విడిపించి తొట్టిలో వదిలి, రోజూలాగే రెండింటికీ మేత వేసింది.