అసిటోను వాసన నేర్పిన మాస్టారు

నందిగామలో మా సైన్సు మాస్టారు పోయారని మొన్న పొద్దున జగ్గయ్యపేట బస్టాండులో తెలిసింది. ఆయన పక్కింటావిడ బస్సు దిగుతూనే నన్ను చూసి, "మీ మాస్టారు వెళ్ళిపోయారమ్మా, నిద్దట్లోనే" అంది. 

మీలో ఆయన దగ్గర చదివినవాళ్ళుంటే అసిటోను పాఠం మరచిపోయి ఉండరు. ఇట్టే అంటుకునే ద్రవమని ముందే దీపం ఆర్పించి, కిటికీలన్నీ తీయించేవారు. అరచేతిలో చుక్క వేస్తే చల్లగా తగిలి, చూస్తుండగానే ఆరిపోయేది. సెల్యులాయిడ్ దువ్వెన ముక్క వేస్తే మెత్తబడి జిగురైపోయేది. గోళ్ళరంగు తుడిచేదీ ఇదేననేసరికి ఆడపిల్లలం నవ్వుకునేవాళ్ళం. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. సీసా పట్టుకుని బెంచీ బెంచీకీ వచ్చేవారు.

"ముక్కుకి ఆనించకండి. చేత్తో ఇటు విసురుకోండి. బాగా మగ్గిన పండులా లేదూ? ఇంట్లో ఎవరి ఊపిరైనా ఇలా వాసనొస్తే ఆలస్యం చెయ్యకండి. డాక్టరు దగ్గరికి పరిగెత్తండి."

పరీక్షలో రాని ఆ మాట ప్రతి ఏడూ ఎందుకు చెప్పేవారో మాకు తెలియదు.

పెళ్ళయి జగ్గయ్యపేట వచ్చాక మా చెల్లి నా దగ్గరుండి చదువుకునేది. ఒక వేసవిలో చిక్కి సగమైంది. ఎన్ని నీళ్ళు తాగినా దాహమే. ఎండదెబ్బ అన్నారందరూ. ఒక మధ్యాహ్నం మగతగా పడున్న దాన్ని లేపబోతే, ఊపిరిలో అదే వాసన.

"ఇది ఎండదెబ్బ కాదండి, బెజవాడ తీసుకెళదాం" అన్నా మా ఆయనతో. దొరికిన లారీ ఎక్కాం.

"చక్కెర జబ్బమ్మా. ఒంట్లో చక్కెర ఒంటికి పట్టక, కొవ్వు కరిగి అసిటోను తయారవుతోంది. ఇంకాస్త ఆగితే దక్కేది కాదు" అన్నాడు డాక్టరు. ఇన్సులిన్ సూదిమందుతో బతికింది.

నందిగామ వెళ్ళి మాస్టారికి ఆ సంగతంతా చెప్పాను.

"మా పాప ఊపిరి కూడా అలాగే ఉండేదమ్మా. పండు తిని పడుకుందనుకున్నా. కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి... పిల్ల పోయాక డాక్టరు చెబితే గానీ తెలియలేదు" అన్నారు. ఆయనకో కూతురుండేదని కూడా మాకెవరికీ తెలియదు.

మరుసటి నెలలో చెల్లిని తీసుకెళ్ళాను.

"ఇలా రా తల్లీ. ఒకసారి ఊదు" అన్నారు.

అది మొహమాటపడుతూనే ఊదింది. ఆయన కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయారు.

"ఏ వాసనా లేదు" అన్నారు, దాని తలమీద చెయ్యి తీయకుండానే.