కరగాల్సిన గింజ

పోయిన శుక్రవారం పొద్దున మా చిన్నాయన గుండె ఆగి పోయారు. వాకాడులో పరుపులు కుట్టే ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయనకు నేనిచ్చిన మాట ఒకటుంది.

చిన్నాయనకు ప్రొస్టేట్ క్యాన్సర్. నెల్లూరు ఆస్పత్రిలో మూడు నెలలకోసారి లావుపాటి సూదితో పొట్ట చర్మం కింద బియ్యపు గింజంత మందు పెట్టేవారు. అది మెల్లగా కరుగుతూ లోపల పనిచేస్తుంది. చివరికి ఏమీ మిగలదు, తీయాల్సిన పని లేదని డాక్టరు చెప్పారు.

ఆ మాటే ఆయనకు మింగుడుపడలేదు. దూదిలో చిన్న ఉండనే ఓర్చుకోలేని మనిషి. ఆయన దగ్గర పరుపు కుట్టించుకున్నవాళ్లు చూసే ఉంటారు, అంచు కుట్టేముందు కళ్లు మూసుకుని అరచేత్తో మొత్తం తడిమేవారు. గింజ తగిలితే కుట్లు విప్పాల్సిందే. నేను విసుక్కుంటే, "పడుకునేది వాళ్లు, నిద్ర పట్టంది నాకు" అనేవారు.

మొదటిసారి సూది వేయించుకుని వస్తూ బస్సులో పొట్ట తడుముకుంటూనే ఉన్నారు.

"కరిగిపోతాదంటావా?"

"డాక్టరు చెప్పినాడు కదా చిన్నాయనా."

"కరిగేలోపల నేను పోతే? పోయేటప్పుడు మనోళ్లు ఒంటి మీద దారం కూడా ఉంచరు. ఇదొక్కటి నాతో రాకూడదు. నువ్వు చూడాల."

"చూస్తాలే" అన్నాను, ఆయన ఊరుకుంటారని.

ఆ మందు వల్లే ఆయన ఇన్నేళ్లు బతికారు, నా చేతికి ఇంత పని వచ్చింది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

ఆ మధ్యాహ్నం చివరి స్నానం చేయించాం. మెడలోని తాయెత్తు తీసేశాం. మసీదు పెద్దాయన నీళ్లు పోస్తుంటే నా చెయ్యి పొట్ట దగ్గరికి వెళ్లడానికి జంకింది. సూది వేయించుకుని ఇంకా నెల కూడా కాలేదు. చివరికి తడిమాను. తగిలింది.

"ఏందబ్బయా, ఆగినావు?"

చెప్పాను. పెద్దాయన నీళ్ల చెంబు పక్కన పెట్టారు.

"కోసి తీస్తామా? పోయినాయనకు నొప్పి పెట్టకూడదు. మనిషే మట్టిలో కలిసిపోతాడు, అదెంత. ఇక కానీయి."

ఆయన చెప్పింది న్యాయమే. నా గుండె మాత్రం కుదుటపడలేదు. గింజతోనే చిన్నాయనను సాగనంపాం.

నిన్న అంగడి తెరిచాను. ఆయన సగం కుట్టిన పరుపు అక్కడే ఉంది. అంచు కుట్టేముందు కళ్లు మూసుకుని తడిమితే ఒక మూల చిన్న ఉండ తగిలింది. కుట్లు విప్పి తీసేశాను. మళ్లీ తడిమాను, ఇక ఏమీ లేదు. చెయ్యి మాత్రం వెతుకుతూనే ఉంది.