గాడిలో మిగిలిన జొన్నలు

పోయిన నెల ఒక పొద్దున నేను వార్డులో ఉండగా సంగారెడ్డి నుంచి ట్రంకాల్ వచ్చింది. మా పెదనాన్న పోయారు. బజారులో జొన్నలు, కందులు కొనే సేటు అంటే చాలామందికి గుర్తొస్తారు. నన్ను డాక్టరు చదువుకు పంపింది ఆయనే. ఆయన గుండెకేమీ లేదని చెప్పింది మాత్రం నేను.

పటాన్‌చెరు వైపు నుంచి బండ్లు రాగానే, గాడి ఉన్న ఇనుప చువ్వతో సంచిని పొడిచి, గాడిలోకొచ్చిన గింజల్ని కొరికి చూసేవారు. మిగిలినవి మళ్లీ ఆ రైతు సంచిలోనే పోసేవారు. పక్క దుకాణాల వాళ్లు తాము తీసిన గింజల్ని తమ గంపల్లో వేసుకుంటూ ఈయన్ను చూసి నవ్వేవాళ్లు. చిన్నప్పుడు నా చేతికీ చువ్వ ఇచ్చేవారు.

"సంచి కుట్టు మంచిగున్నదని మాల్ మంచిదనకు బిడ్డా. లోపల సూడాలె."

నిరుడు ఆయన కాళ్లు వాచాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పచ్చళ్లలో ఉప్పు వల్లనే అంది పెద్దమ్మ. నేను ఎక్స్‌రే తీయించి, గుండె పెరగలేదు, పరేషాన్ కావద్దన్నాను. నా మాట నమ్మి ఆర్నెల్లు సంచుల మధ్య తిరిగారు.

చివరికి మా ప్రొఫెసరు లావెక్కిన ఆయన నాలుక చూసి అనుమానపడి, పంటి చిగురు నుంచి మెంతిగింజంత ముక్క తీయించారు.

"సూసినంక మళ్ల పెడ్తరా బిడ్డా?" అని పెదనాన్న నన్నడిగారు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఏడుపొస్తోంది.

ఆ ముక్కను పరీక్షిస్తే జబ్బు తెలిసింది: గుండె కండరాల సందుల్లో మైనంలాంటిది పేరుకుంది. ఇనుము పేరుకునే జబ్బులో గుండె చాలాసార్లు సాగి పెద్దదవుతుంది, ఎక్స్‌రేలో కనబడుతుంది. పెదనాన్నకొచ్చిన దాంట్లో గుండె ఉన్నంతే ఉండి బిగుసుకుపోతుంది. సరిగా విచ్చుకోదు, రక్తం నిండదు. ఈ తేడా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. ఇంటి మనిషి దగ్గర కుట్టు చూసి చెప్పేశాను.

ముందే తెలిసినా మందు లేదన్నారు ప్రొఫెసరు. కానీ సంచుల మధ్య తిరగనివ్వకుండా ఉంటే ఆ ఆర్నెల్ల ఆయాసమైనా తగ్గేది కదా. నా తప్పు ఒప్పుకుని కాళ్ల దగ్గర కూర్చుంటే, పెదనాన్న నా తల మీద చెయ్యి వేశారు.

"ఇగ ఏడ్వకు. రేపొచ్చెటోళ్లను జెర లోపల సూడు, గంతే."

దినాలయ్యాక దుకాణం తెరిచాం. చువ్వ మేకుకు వేలాడుతోంది. గాడిలో నాలుగు జొన్నగింజలు ఇరుక్కుని ఉన్నాయి. తిరిగి పోసే ఓపిక లేకపోయిందేమో. ఏ రైతు సంచివో అడుగుదామంటే ఆయన లేరు. వాటిని అరచేతిలో పట్టుకుని సంచుల మధ్య నిలబడిపోయాను.